పనిముట్ల పరిచయము: టీ స్క్వేరు



ఈ శీర్షిక క్రింద ఇంతవరకు వంటయింటి పనిముట్లను గూర్చియు, కుట్టుపని పనిముట్లను గూర్చియు ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున ఆ రెండు చోట్లను కానరాని యొక కొయ్య పనిముట్టును మీ యెదుట నుంచుచున్నాను. దాని పేరు టీ స్క్వేరు. మా యత్తగారు ఈ పేరు తొలిసారి విన్నపుడు, "టీ కప్పులు పెట్టుకొనే పళ్లెమా అమ్మా?" అని యడిగిరి. పేరులోని టీకిని తేనీటికిని సంబంధమేమియు లేదు. ఇంగ్లీషువారి టీ యను అక్షరము నిలువు గీత మీద అడ్డగీత పెట్టినట్లుండును. ఈ పనిముట్టును అచ్చముగా ఆ యాకారముననే యుండును గనుక దానికా పేరు వచ్చినది. మన యక్షరములలో వంపు లేనిది యొక్కటియు లేదు గదా. కావున దీనికి తెలుగక్షరముతో పేరు పెట్టుట యెవ్వరి తరమును కాదు.

దీనిని గూర్చి వ్రాయుటకు కారణము మా మేనకోడలు. నిరుడు వర్షకాలమున మా యన్నగారి కుమార్తె ఇంటర్మీడియెటు ముగించి, మా యూరి ఐ.టి.ఐ.లో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ అను రెండేండ్ల విద్యలో చేరి, మా యింటనే యుండి చదువుకొనుచున్నది. ఇండ్లను, వంతెనలను, కాలువలను కట్టుటకు మునుపు వాని పటములను కాగితము మీద గీయుట ఆ విద్యలో ముఖ్యము. తరగతిలో ఆడపిల్లలు నలుగురే. పిల్ల బుద్ధిమంతురాలు, ముగ్గు వేసినచో చుక్కకును చుక్కకును నడుమ కొలిచినట్లుండును. అట్టి పిల్ల రెండు నెలలు తిరుగక మునుపే దిగులుపడి కూర్చుండజొచ్చెను. గీసి యిచ్చిన పటములన్నియు ఎఱ్ఱసిరా గుర్తులతో తిరిగివచ్చుచుండెను. ప్రతి దాని మీదను ఒకటే మాట: "గీతలు సమాంతరముగా లేవు." మూడవ పటము తిరిగివచ్చిన రాత్రి అన్నము ముందు కూర్చుండి, "అత్తయ్యా, నా చెయ్యే వంకర. నాకీ చదువు రాదు" అని కన్నీరు పెట్టుకొన్నది. ఆ సంగతి తెలిసి మా యన్నగారు టెలిఫోనులో, "రాని చదువు పట్టుకొని వేలాడడమెందుకమ్మా? సంక్రాంతికి వచ్చి తీసుకుపోతాను. ఒక సంబంధం కూడా చూచి ఉంచాను" అనిరి.

తప్పు చేతిలో నున్నదా, పనిముట్టులో నున్నదా యని విచారించు బుద్ధి అప్పటికి మాలో నెవ్వరికిని పుట్టలేదు. చదువు రాలేదన్నచో చదువుకొనువారిదే లోపమని తలచుట మనకు వాడుక. ఆ చిక్కు ఎట్లు విడినదో చెప్పుటకు ముందు, పనిముట్టు ఎట్టిదో తెలిసికొందము.

టీ స్క్వేరునకు రెండు భాగములు. పొట్టిదియు దళసరిదియు నగు అడ్డుకొయ్యను తల యందురు. దాని నడుమ నుండి పొడుగుగా సాగిన పలుచని భాగము బద్ద. నేల మీది నీటిని త్రోయు కర్రను పడుకొనబెట్టి చూచినచో ఆ యాకారము మీకు తెలియును. బద్దను తలలోనికి దూర్చక, తలపై పరచి, జిగురుతోను మరమేకులతోను బిగింతురు. ఇందులో నొక యుక్తి కలదు. బద్ద మీద నానించి జరుపు చిన్న మూలమట్టము తలకు తగిలి యాగిపోక, దాని పై నుండి సాఫీగా సాగిపోవును. మంచి బద్దలను మహాగని వంటి సన్నని పోగు గల కొయ్యతో చేయుదురు. ఇప్పుడు ప్లాస్టిక్కువియు వచ్చినవి. కొన్నింటికి పై యంచున గాజువలె కనబడు పట్టీ యుండును. దాని గుండ క్రింది గీతలు కనబడును. ఈ పై యంచే పని చేయు అంచు. క్రింది యంచుతో గీత గీయరాదు. అది పై యంచుతో సమాంతరముగా నుండునను నమ్మకము లేదు.

టీ స్క్వేరు ఒంటరిగా నేమియు చేయజాలదు. దానికి పలక కావలయును. పలకను మెత్తని కొయ్య ముక్కలను ప్రక్కప్రక్కన అతికి చేయుదురు. వెనుక రెండు అడ్డుబద్దలుండును. వాని మరమేకులకు గుండ్రని రంధ్రములు గాక కోలరంధ్రములు పెట్టుదురు. వానకాలమున మన తలుపులు ఉబ్బి పట్టివేయుట మీరెరుగుదురు గదా. పలకయు అట్లే యుబ్బును, ఎండకాలమున ముడుచుకొనును. రంధ్రము కోలగా నున్నచో కొయ్య కదలుటకు చోటు దొరకి, పలక పగులక యుండును. మంచి పలకల యెడమ యంచున గట్టి నల్లకొయ్య పట్టీ నొకదానిని పొదుగుదురు. టీ స్క్వేరు తల నిత్యము రాచుకొని పోవు త్రోవ యదియే గనుక అది అరిగిపోకుండుటకై ఆ యేర్పాటు. ఆ యెడమ యంచు మాటను మరువకుడు. మా కథ యంతయు దాని చుట్టును తిరుగును.

ఇక ప్రయోగము. వెలుతురు ఎడమ ప్రక్క నుండి కొంచెము ముందుగా వచ్చునట్లు కూర్చుండవలెను. లేనిచో చేతి నీడ గీత మీద పడును. తలను పలక యెడమ యంచునకు ఎడమచేతితో గట్టిగా నానింపవలెను. ఎడమచేతి వాటము గలవారు కుడి యంచున నానించి కుడిచేతితో పట్టుకొందురు గాక; అందులో దోషము లేదు. నొక్కవలసినది తలను, బద్ద కొనను గాదు. ముందుగా కాగితమును పలక మీద పరచి, దాని పై యంచు బద్ద యంచుతో ఏకముగా నుండునట్లు సరిచూచి, నాలుగు మూలలను అంటుపట్టీతో అంటింపవలెను. తరగతిలో పిల్లలు వాడు కాగితము పేరు ఎ2; దాని వెడల్పు 420 మిల్లీమీటర్లు, పొడవు 594 మిల్లీమీటర్లు. దానిని నడుమకు మడిచినచో ఎ3 యగును, మరల మడిచినచో మన కార్యాలయములలో వాడు ఎ4 యగును. ఎన్ని మడతలు పెట్టినను ఆకారము మారదు. 594ను 420తో భాగించి చూడుడు, 1.414 వచ్చును. ఈ సంఖ్యను చూచి నేను ముచ్చటపడితిని. చదరపు భుజమునకును దాని కర్ణమునకును గల సంబంధమిదియే. మన శుల్బసూత్రకారులు దీనిని ద్వికరణి యనిరి. భుజమునకు దాని మూడవ వంతును, ఆ మూడవ వంతులో నాల్గవ వంతును చేర్చి, ఆ నాల్గవ వంతులో ముప్పదినాల్గవ వంతును తీసివేయుమని బౌధాయనుడు లెక్క చెప్పెను. లెక్క కట్టినచో 1.41421 వచ్చును. యజ్ఞవేదికి చెప్పిన కొలత నేటి కాగితపు మడతలో దాగియున్నది.

అడ్డగీతలను ఎడమ నుండి కుడికి గీయవలెను. పెన్సిలును గీత పోవు దిక్కునకు కొంచెము వాల్చి, వ్రేళ్ల నడుమ మెల్లగా త్రిప్పుచు గీసినచో ములుకు ఒక ప్రక్కనే యరిగిపోక, గీత మొదట నెంత సన్నమో చివరను అంతే సన్నముగా నుండును. మొదటి గీతలకు 2హెచ్ వంటి గట్టి పెన్సిలు, అక్షరములకు హెచ్‌బి వంటి మెత్తనిది మంచివి. గీతలను పై నుండి క్రిందికి ఒకదాని తరువాత నొకటిగా గీయుచు రావలెను. టీ స్క్వేరును క్రిందికి జరుపునపుడు తలను కొద్దిగా నొక్కినచో బద్ద కాగితమును వదలి పైకి లేచును. అట్లు లేపి జరుపక ఈడ్చినచో పెన్సిలు మసి యంతయు కాగితమునకు పులుముకొనును. మా పిల్ల మొదటి పటములు పొయ్యి మీది నుండి దించినట్లుండుటకు కారణమిదియే.

నిలువు గీతల మాట వేరు. టీ స్క్వేరును పలక పై యంచునకో, క్రింది యంచునకో త్రిప్పి నిలువు గీతలు గీయవచ్చునని తోచును. అట్లు చేయరాదు. పలక మూలలు సరిగా లంబములని యెవ్వరును పూచీ పడలేరు. నిలువు గీతలకు మూలమట్టమును వాడవలెను. మన బిడ్డల జామెట్రీ పెట్టెలో రెండు త్రిభుజపు పలుకలుండును గదా, అవియే. ఒకదాని కోణములు 45, 45, 90 డిగ్రీలు. రెండవదానివి 30, 60, 90. బద్ద పై యంచు మీద మూలమట్టమును కూర్చుండబెట్టి, దాని నిలువు అంచు ఎడమ వైపున నుండునట్లు చూచుకొని, క్రింది నుండి పైకి గీత గీయవలెను. రెండింటిని కలిపి వాడినచో 45లో 30 పోగా 15, 45కు 30 చేర్చగా 75, ఇట్లు పదునైదేసి డిగ్రీల మెట్లతో కోణములన్నియు దొరకును. కోణమానినితో పని లేదు.

ఇచ్చట నొక విశేషము చెప్పవలయును. ఇది నాకు చిరకాలము అర్థము కాలేదు. స్క్వేరు అన్న పేరును బట్టి, తలకును బద్దకును నడుమ మూల సరిగా తొంబది డిగ్రీలుండుటయే దీని ప్రాణమని నేననుకొంటిని. అది నిజము కాదు. మూల తొంబదికి ఒక డిగ్రీ తక్కువైనను, తల ఒకే తిన్నని యంచు వెంట జరుగుచున్నంతవరకు, గీసిన యడ్డగీతలన్నియు ఒకే వాలున నుండును. అనగా ఒకదానికొకటి సమాంతరములే. కాగితమును కూడ ఆ బద్దకే సరిచూచి యంటించితిమి గనుక వాలు కంటికి కనబడదు. నిలువు గీతల లంబము మూలమట్టము నుండి వచ్చును గాని తల నుండి రాదు. కావున తల కదలకుండుట ముఖ్యము. తల నానించు అంచు తిన్ననగుట ముఖ్యము. గడియారము ప్రతిదినమును సరిగా అయిదు నిమిషములు ముందున్నచో దానితో సంసారము నడుపవచ్చును. ఒకనాడు ముందును ఒకనాడు వెనుకను ఉన్నచో దానిని గోడకు వ్రేలాడదీయుట దండుగ.

మా తండ్రిగారు నాకు ఇంటనే చదువు చెప్పిన దినములలో ఒకమారు శుల్బసూత్రముల ప్రసంగము వచ్చినది. శుల్బమనగా త్రాడు. వేదికి కొలతలు వేయువారు మొట్టమొదట తూర్పు పడమరల గీత యొకటి సాధింతురు. చదును చేసిన నేల మీద శంకువును నాటి, దాని చుట్టును త్రాటితో వలయము గీసి, ప్రొద్దుట నీడ కొన వలయమును తాకిన చోటను, సాయంకాలపు నీడ కొన తాకిన చోటను గుర్తించి, ఆ రెండింటిని కలుపుదురు. ఆ గీతకు ప్రాచి యని పేరు. సోమయాగపు మహావేదికి ఆ ప్రాచి పొడవు 36 ప్రక్రమములు. పడమటి ప్రక్క 30, తూర్పు ప్రక్క 24. పడమటి ప్రక్కలో సగము 15 గదా. 15, 36, 39 కొలతలతో త్రాటిని ముక్కోణముగా బిగించి లాగినచో మూల తనంత తానే లంబమగును. ఆపస్తంబుడు చెప్పిన విధమిది. వేది యెంత పెద్దదైనను, అందలి ప్రతి కొలతయు ఆ యొక్క ప్రాచి నుండియే పుట్టవలెను. ఒక మూలను ప్రాచి నుండియు, మరియొక మూలను ఇంకొక గీత నుండియు కొలుచుట లేదు. పలక యెడమ యంచును తలచినపుడెల్ల నాకు ఆ ప్రాచియే జ్ఞప్తికి వచ్చును.

మా పిల్ల కథకు వత్తును. దసరా సెలవులకు ముందొకనాడు పెరటి తలుపు ఉబ్బి పట్టివేయుచుండగా వడ్రంగి మేస్త్రిని పిలిపించితిని. మా యింటి కొయ్యపని యంతయు ఆయనదే. వంటయింటి మూలనున్న కొయ్య అలమర చేసినవాడును ఆయనయే. అది ప్రక్కగోడకు పూర్తిగా నంటక, ముందు వైపున చిటికెనవ్రేలు దూరునంత సందు మిగిలి, అందులో పదునొకండేండ్లుగా బొద్దింకలు కాపురముండుట చేత నేనాయనను చాల మారులు సాధించియుంటిని. ఆయన మాటాడక తల దించుకొని పోవుచుండెడివాడు.

ఆనాడు తలుపు పని ముగించి మంచినీళ్లు త్రాగుచు, వసారాలో పలక ముందు కూర్చున్న పిల్లను చూచి, "చిన్నమ్మగారు కళ్లు తుడుచుకొంటున్నారేమండీ?" అని యడిగెను. పటమును చూపి సంగతి చెప్పితిని. ఆయనకు ఇంగ్లీషు రాదు, పటములు గీయుట రాదు. కాని గీత వంకరయన్నచో అది తన విద్యకు సంబంధించినదే యని యెరుగును. చేయి తుడుచుకొని వచ్చి మూడు పరీక్షలు చేసెను. వానిని మీకును చెప్పెదను. ఎవరింటనైన ఈ పనిముట్టున్నచో పనికి వచ్చును.

మొదటి పరీక్ష బద్ద యంచునకు. కాగితము మీద రెండు చుక్కలు దూరదూరముగా పెట్టి, పై యంచు వెంట వానిని కలుపుచు సన్నని గీత గీసెను. పిదప టీ స్క్వేరును బోర్లించి, అదే యంచును అవే చుక్కల మీద నుంచి మరల గీసెను. రెండు గీతలు ఒకటిగా కలసిపోయెను. అంచులో వంపున్నచో అవి నడుమ విడిపోయి కంటి యాకారము కనబడును. ఆ విడిన దూరము అసలు దోషమునకు రెండింతలని సాయంకాలము మా యింటివారు చెప్పిరి. ఒకమారు వంపు పైకిని, ఒకమారు క్రిందికిని వచ్చును గదా. దోషమును రెండింతలు చేసి చూపునది గనుకనే వడ్రంగులు ఈ పరీక్షను నమ్ముదురు.

రెండవ పరీక్ష అతుకునకు. ఒక చేత తలను బల్లకు అదిమి, రెండవ చేత బద్ద కొనను మెల్లగా కదల్చెను. అది కదలెను. "చూశారా అమ్మా, మరలు వదులు" అనెను. నాలుగు మరమేకులలో రెండింటికి పట్టు లేదు. జిగురు పొడియై రాలిపోయినది. మా యన్నగారు దీనిని పాత సామానుల దుకాణమున కొన్నారు. ఆరు సెంటీమీటర్ల వెడల్పు గల యతుకులో అర మిల్లీమీటరు కదలిక యున్నచో, అరువది సెంటీమీటర్ల దూరమున అది అయిదు మిల్లీమీటర్లగును. పిల్ల పాపము, గీత సరిగా వచ్చుటకని బద్ద కొనను మరింత గట్టిగా నొక్కుచుండెడిది. నొక్కిన కొలది కదలినది.

మూడవ పరీక్ష పలకకు. తన తిన్నని బద్ద నొకదానిని పలక యెడమ యంచున కానించి, వాకిలి వెలుతురునకెత్తి పట్టెను. మీదను క్రిందను అంటియున్నది గాని, నడుమ వెలుతురు సన్నని తీగెవలె కనబడుచుండెను. వెనుకటి యజమానులు ఎందరో తలను అచ్చటనే జరిపి జరిపి ఆ యంచును పల్లము చేసిరి. అట్టి పల్లములో తల పైన నున్నపుడు ఒక వైపునకు, క్రిందికి వచ్చినపుడు ఇంకొక వైపునకు ఒరగును. గీతలెట్లు సమాంతరములగును? నేను కొత్త పలక కొనవలసి వచ్చునేమో యని గుండె దడదడ కొట్టుకొనుచుండగా, ఆయన పలకను ఎత్తి తలక్రిందులుగా త్రిప్పి పెట్టెను. కుడి యంచు ఎడమ యంచైనది. దాని మీద బద్దను పెట్టి చూచెను, వెలుతురు లేదు. "ఈ పక్క ఎవరూ ముట్టుకోలేదమ్మా. ఇక ఇటే వాడుకోమనండి" అనెను. తరువాత పాత జిగురు గీకివేసి, కొత్త జిగురు పెట్టి, కొంచెము పెద్దవగు మరమేకులు బిగించి, ఒక రాత్రి బరువు క్రింద నుంచుమని చెప్పి వెళ్లెను. మరమేకుల వెల తప్ప కూలి పుచ్చుకొనలేదు.

పిల్లలో తప్పేమియు లేకపోలేదు. తొందర కొలది నిలువు గీతలను పలక క్రింది యంచు నుండి గీయుచుండెను. నేను కారణమడుగగా, "అందరూ అలాగే గీస్తున్నారత్తయ్యా" అనినది. ఆ యందరి పలకలు కొత్తవి. వారి తప్పు బయట పడలేదు. దీని పలక పాతది. తప్పు దాచుకొనుటకు చోటు లేకపోయినది. నాటి నుండి ఆమెచే మూలమట్టము తప్ప వేరొకటి ముట్టనీయలేదు. సెలవులలో పది పటములు గీసినది. సెలవులు ముగిసిన పిమ్మట ఇచ్చిన పటము మీద ఎఱ్ఱసిరా లేదు, సంతకము మాత్రమున్నది. ఆ కాగితమును నాకు చూపక ముందు మా యత్తగారికి చూపినది. ఆమె దానిని త్రిప్పి త్రిప్పి చూచి, "ఇందులో ఇల్లేదే?" అని యడిగిరి.

మా యన్నగారికి నేనే టెలిఫోను చేసితిని. "అన్నయ్యా, వంకర పిల్ల చేతిలో లేదు, నీవు కొన్న పలకలో ఉన్నది" అంటిని. కొంతసేపు మారు పలుకలేదు. పిదప, "దుకాణం వాడు బాగుందనే చెప్పాడమ్మా" అనిరి. సంక్రాంతికి వచ్చిరి, పండుగ చేసికొని ఒంటరిగా తిరిగి వెళ్లిరి. ఆ సంబంధమును గూర్చి తరువాత మా యింట నెవ్వరును ఎత్తలేదు. పిల్ల యిప్పుడు రెండవ యేడు చదువుచున్నది.

పటములన్నియు కంప్యూటరు మీదనే గీయుచున్న ఈ కాలమున ఈ కొయ్యముక్కతో పని యేమని మీరడుగవచ్చును. నేనును అడిగితిని. 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఐవన్ సదర్లాండ్ అను యువకుడు స్కెచ్‌ప్యాడ్ అను ఏర్పాటు నొకదానిని చేసెను. కాంతికలముతో తెర మీద గీతలు గీసి, ఇవి సమాంతరములు కావలెనని యాజ్ఞాపించినచో యంత్రమే సరిచేసికొనెడిది. 1982లో ఆటోక్యాడ్ వెలువడినది. నేడు కార్యాలయములలో ఎక్కువగా అట్టి వానితోనే పని జరుగును. కళాశాలలలో గూడ పెక్కు చోట్ల టీ స్క్వేరునకు బదులుగా పలకకు బిగించు మినీ డ్రాఫ్టరు వచ్చినది. మా పిల్ల కంప్యూటరు తెర మీద నాకొకటి చూపినది: ఎఫ్8 అను మీట నొక్కినచో గీత అడ్డముగా గాని, నిలువుగా గాని తప్ప ఇంకొక వైపునకు పోదు. దానికి ఆర్థో యని పేరు. "ఇదే అత్తయ్యా నా టీ స్క్వేరు" అని నవ్వినది. తెర మీద చూచినవారికి ఆ మీట యొక యాజ్ఞ మాత్రమే. అంచు పల్లమైనచో నేమి జరుగునో చేతితో ననుభవించినవారు మీట నొక్కుట మరువరని నా తలంపు. ఉపాధ్యాయులందరును దీని కొప్పుకొందురో లేదో.

ఇంట టీ స్క్వేరున్నవారికి రెండు మాటలు. బద్ద యంచు వెంట చాకుతో కాగితము కోయకుడు. ఒక్క గాటు పడినను పెన్సిలు ప్రతిసారి అచ్చటనే తట్టుకొనును. కోయుటకు ఇనుప స్కేలుబద్ద యుండనే యున్నది. బద్ద కొనలోని రంధ్రము వ్రేలాడదీయుటకు. గోడమూలను వాల్చి యుంచినచో కొయ్య వంగును. పాతది కొనునపుడు దుకాణములోనే పై మూడు పరీక్షలు చేయుడు. దుకాణదారుడు విసుగుకొన్నచో విసుగుకొననిండు.

అభ్యాసము చేయగోరు వారు తమ వంటయింటి పటమును గీయుట మంచిది. కొలతలకు దూరము పోనక్కరలేదు. ఇరువదింటి కొకటి చొప్పున గీసినచో, 3 మీటర్ల పొడవును 2 మీటర్ల 40 సెంటీమీటర్ల వెడల్పును గల వంటయిల్లు కాగితము మీద 15 సెంటీమీటర్లు, 12 సెంటీమీటర్లు అగును. ఎ4 కాగితములో ఇమిడిపోవును. తొమ్మిది అంగుళముల గోడ 23 సెంటీమీటర్లు, పటములో 11.5 మిల్లీమీటర్లు. అరువది సెంటీమీటర్ల పొయ్యిగట్టు 3 సెంటీమీటర్లు. లోపలి గోడల గీతలు ముందు, బయటివి పిదప, తలుపు కిటికీలు చివరను గీయవలెను. తలుపు తెరచుకొను విల్లు వంటి గీతను మాత్రము వృత్తలేఖినితో గీయవలెను. అదొక్కటియే టీ స్క్వేరు వశము కాని పని. అలమర తలుపును, పెరటి తలుపును ఒకదానికొకటి అడ్డు వచ్చునో లేదో కట్టకమునుపే ఆ విల్లులు చెప్పును.

మా పిల్ల మా వంటయింటి పటమును ఇట్లే గీసినది. నేను కొలతలు చదువుచుండగా తాను గీసినది. చక్కగా వచ్చినది. సరిచూచుటకు మూల నుండి మూలకు పటములో కొలిచి, 19.2 సెంటీమీటర్లనినది, అనగా నేల మీద 3 మీటర్ల 84. టేపు పట్టుకొని వంటయింటి నేల మీద ఆ కర్ణమును కొలిచితిమి. 3 మీటర్ల 87 వచ్చినది. తప్పు కొలిచితిమని రెండవ కర్ణమును కొలిచితిమి. 3 మీటర్ల 81. మరల కొలిచితిమి, మారలేదు. పటములో తప్పు లేదు. మా వంటయిల్లే ఒక ప్రక్కకు ఒరిగియున్నది. తాపీపని వారు గోడను లంబమునకు దాదాపు ఒక డిగ్రీ తప్పించి కట్టిరి. పిల్ల పెన్సిలు చెవి మీద పెట్టుకొని లెక్క కట్టి, అరువది సెంటీమీటర్ల లోతు గల అలమర అట్టి మూలలో నిలిచినచో ముందు వైపున ఒక సెంటీమీటరు సందు తప్పదని చెప్పినది.

నేను వెళ్లి అలమర ప్రక్కను చిటికెనవ్రేలు దూర్చి చూచితిని. సరిగా అంతే యున్నది. మేస్త్రి రేపు వసారా బల్ల బాగుచేయుటకు వచ్చుచున్నాడు. ఆయన యెదుట ఈ మాట ఎట్లు మొదలు పెట్టవలెనో యని ఈ రాత్రి యంతయు ఆలోచించుచున్నాను.